ఆవిరిపాత్రకు తగిన పొయ్యి

అమెరికాలో పెక్కు గృహములందు చిక్కుడుకాయలు, మొక్కజొన్న, మాంసము మొదలగువానిని గాజుసీసాలకెత్తి, ప్రెషర్ కానర్ అను పెద్ద ఆవిరిపాత్రలో ఉడికించి నిలువయుంచుకొందురు. పులుపు లేని ఈ పదార్థములలో బొట్యులిజమను ప్రాణాంతకవ్యాధికి మూలమైన సూక్ష్మజీవుల సిద్ధబీజములు దాగియుండవచ్చును. మరుగునీటి 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి అవి నశింపవు. ఆవిరి ఒత్తిడివలన లభించు 116 నుండి 121 డిగ్రీల వేడి కావలెను. అదియు నిర్ణీతకాలమంతయు నిలువవలెను. నడుమ ఒత్తిడి తగ్గినచో, మరల పెంచి, కాలమును మొదటినుండి లెక్కింపవలసినదే.

కావున పొయ్యికి బలముతోపాటు నిలుకడయు ఉండవలెను. సులువుగా హెచ్చించి తగ్గింపదగిన గ్యాసుమంట ఇందులకు అనుకూలము. ఆరుబయటి పొయ్యిమంట గాలికి ఊగిసలాడును. మితిమీరిన మంట పాత్ర అడుగును వంచవచ్చును. గాజుపలక పొయ్యి నిండుపాత్ర బరువునకు పగులవచ్చును; అది తనంతట ఆరుచు వెలుగుచుండునదైనచో ఒత్తిడి నిలుకడగా ఉండదు. సాధారణమైన అల్యూమినియపు పాత్ర ఇండక్షన్ పొయ్యిపై వేడెక్కనే వేడెక్కదు. పాత్రను కొనుటకు ముందే పొయ్యి ఎంత బరువు మోయగలదో, తయారీదారు దానిపై వాడుటకు సమ్మతించెనో లేదో విచారించుట ఇంటిల్లిపాదికి క్షేమకరము.