ఒకే తిథి - రెండు పంచాంగములు

ఉగాదినాడు ఎ.కొండూరు వంటి తెలుగు గ్రామములందు పంచాంగ శ్రవణము జరుగుట ఆచారము. ఏకాదశి ఎప్పుడు, గ్రహణము ఎప్పుడు అను సంగతులను పంచాంగమును చూచియే నిర్ణయింతురు. కాని రెండు పంచాంగములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒకే తిథి ముగియు కాలము వేరువేరుగా కనిపించవచ్చును. ఒక్కొక్కప్పుడు పండుగయే మరునాటికి మారును. దీనికి కారణమేమి?

తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను అయిదు అంగములు గలది పంచాంగము. వీనిలో చంద్రుడు సూర్యునినుండి 12 డిగ్రీలు తూర్పునకు జరుగుటకు పట్టు కాలము తిథి. సుమారు 29½ దినములలో 30 తిథులు గడచును గనుక ఒక తిథి సగటున 23 గంటల 37 నిమిషములు. కాని చంద్రుడు భూమికి దగ్గరగా నున్నపుడు వడిగను, దూరముగా నున్నపుడు మెల్లగను నడచును. అందుచే తిథి ఒకప్పుడు సుమారు 20 గంటలకే ముగియును. ఒకప్పుడు 26 గంటలకు మించును.

సాధారణముగా సూర్యోదయమున ఉన్న తిథియే ఆనాటి తిథి. వినాయక చవితికి మధ్యాహ్నమును, శివరాత్రికి అర్ధరాత్రిని చూతురు. సూర్యోదయము 6 గంటల 5 నిమిషములకు అగునని అనుకొందము. దశమి 5 గంటల 50 నిమిషములకు ముగియునని ఒక పంచాంగము, 6 గంటల 20 నిమిషములకని మరియొకటి చెప్పినచో, మొదటి దానిలో ఆ దినము ఏకాదశి, రెండవదానిలో దశమి!

తిథి దేశమంతటను ఒకే క్షణమున ముగియును. సూర్యోదయము మాత్రము ఊరూరికి మారును. కాకినాడకు పడమరగా ఒకటిన్నర డిగ్రీల దూరమున నున్న ఎ.కొండూరులో సూర్యుడు సుమారు 6 నిమిషములు ఆలస్యముగా ఉదయించును.

అసలు భేదము గణితములో నున్నది. సూర్యసిద్ధాంతము చంద్రగతికి గరిష్ఠముగా సుమారు 5 డిగ్రీల సవరణ మాత్రమే చెప్పినది. సూర్యుని ఆకర్షణచే కలుగు ఇతర భేదములు అందు చేరలేదు. పూర్ణిమ, అమావాస్యలయందు ఆ లెక్క సత్యమునకు దగ్గరగానే యుండును. అర్ధచంద్రుని దినములలో రెండున్నర డిగ్రీలవరకు తప్పవచ్చును. చంద్రుడు సూర్యునినుండి గంటకు సుమారు అర డిగ్రీ జరుగును గనుక తిథి అంతమున 5 గంటలవరకు తేడా రావచ్చును. ఆకాశమున కనబడు స్థానములతో సరిపోవునట్లు గణించినవి దృగ్గణిత పంచాంగములు.

సూర్యసిద్ధాంతపు సంవత్సరము ఋతు సంవత్సరముకంటె సుమారు 24 నిమిషములు అధికము. అందుచే సంక్రమణములు సుమారు 60 ఏండ్లకు ఒక దినము చొప్పున ఋతువులనుండి వెనుకబడును. ఉత్తరాయణము నిజముగా డిసెంబరు 22 ప్రాంతమున ఆరంభమైనను మకర సంక్రాంతి జనవరి 14 ప్రాంతమున వచ్చుటకు ఇట్టి భేదమే కారణము. ఈ చిక్కులను పరిశీలించుటకు 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన సంఘము ఏర్పడి, 1955లో నివేదిక సమర్పించెను. 1957 మార్చి 22నుండి జాతీయ శక పంచాంగము అమలులోనికి వచ్చినది. దృగ్గణితముతో రాష్ట్రీయ పంచాంగమును తెలుగులోను ప్రచురించుచున్నారు.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. చంద్రుడు సూర్యునికి 90 డిగ్రీల దూరమున సరిగా సగము వెలుగును. అది అష్టమి నడిమి భాగము. శుక్ల అష్టమినాటి సాయంకాలము చంద్రబింబమును చూచి పంచాంగముతో పోల్చుడు. ఆకాశమును పంచాంగము అనుసరింపవలెనుగాని, పంచాంగమును ఆకాశము అనుసరింపదుగదా!