పెరటి మడిలో కృప

పంటలో మనిషి కష్టం ఎంత, దైవానుగ్రహం ఎంత అన్న ప్రశ్న క్రైస్తవ వేదాంతంలో చాలా పాతది. దానికి జవాబు వెదకదగిన చోట్లలో ఇంటి పెరట్లోని కూరమడి ఒకటి. మార్కు సువార్త 4వ అధ్యాయంలో యేసు చెప్పిన ఒక ఉపమానం, అంటే లోకవ్యవహారం ద్వారా ఆత్మీయ సత్యాన్ని తెలిపే చిన్న కథ, ఈ ప్రశ్ననే తాకుతుంది. అందులోని రైతు విత్తనం చల్లి, రాత్రి నిద్రపోతూ, పగలు లేస్తూ ఉండగా, అతనికి తెలియని రీతిలో మొలక వచ్చి, వెన్ను వేసి, గింజ ముదురుతుంది.

ఈ కథను సోమరితనానికి సమర్థనగా చదవడం తగదు. తోటకూర విత్తనం చాలా సన్నం కనుక దానిని పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పి, నీరు నిలవకుండా, తేమ ఆరకుండా చూసుకుంటే దాదాపు నాలుగు వారాలకు ఆకు కోతకు వస్తుంది. అయితే ఇంత చేసిన చేతులకు కూడా ఒక్క మొలకను మట్టిలోంచి పైకి రప్పించే శక్తి లేదు. తాను నాటగా తోటి పరిచారకుడైన అపొల్లో నీళ్లు పోశాడనీ, ఎదుగుదల మాత్రం దేవునిదేననీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో చెప్పింది ఇదే. అర్హతను బట్టి కాక ఉచితంగా లభించే దైవానుగ్రహాన్ని క్రైస్తవులు కృప అంటారు. ఆ కృప పారను పక్కన పెట్టించదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలోని తోటమాలి ఈ మాటకు మంచి సాక్షి. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయమన్న యజమానిని అతడు మరొక్క ఏడాది గడువు అడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. అతని కనికరం తవ్వకంగా, ఎరువుగా చెట్టు మొదట్లోకి చేరుతుంది. పెరటి మడికీ ఆ శ్రద్ధే కావాలి: పచ్చి పేడ వేర్లకు హాని చేస్తుంది కనుక బాగా మాగిన పశువుల ఎరువునో, వానపాముల ఎరువునో వాడాలి. చిక్కుడు, అలసంద వేర్ల బుడిపెలలో నివసించే రైజోబియం అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తాయి గనుక, ఆ పాదులు తీసిన చోట వేర్లను మట్టిలోనే వదిలి ఆకుకూర వేయడం మేలు.

గోధుమల మధ్య మొలిచిన గురుగులను కోతకాలం దాకా పెరగనివ్వమన్న ఉపమానం సాటి మనుషులపై తొందరపడి తీర్పు తీర్చవద్దని హెచ్చరిస్తుందే గాని, కలుపు తీయవద్దని చెప్పదు. తెల్లదోమ ద్వారా వ్యాపించే వైరస్ వల్ల ఆకుల ఈనెలు పసుపుబారే పల్లాకు తెగులు సోకిన బెండ మొక్కను వెంటనే పీకివేయకపోతే మడి అంతా దెబ్బతింటుంది.

తోటను గురించి బైబిలు చెప్పిన మాటలలో అత్యంత కఠినమైనది రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఉంది. అహాబు రాజు తన నగరును ఆనుకొని ఉన్న నాబోతు ద్రాక్షతోటను కూరతోట చేసుకోవాలని కోరగా, అది పితరుల స్వాస్థ్యమని నాబోతు నిరాకరించాడు. రాణి యెజెబెలు అబద్ధ సాక్ష్యంతో అతన్ని రాళ్లతో కొట్టించి చంపించింది, ఏలీయా ప్రవక్త రాజును ఎదుట నిలిచి ఖండించాడు. భూమి ఎవరిది అన్న ప్రశ్న తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో ఆ ప్రాంతపు సంఘాలలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు, ఎక్కువగా ఇతరుల పొలాల్లో కూలికి వెళ్లినవారు. అందుకే తెలుగు సంఘాలు జరుపుకునే కోత పండుగను, అంటే పంట తొలి ఫలాలను దేవునికి అర్పించే ఆరాధనను, పొలం ఉన్నవారి పండుగగా మాత్రమే చూడకూడదు. ధాన్యపు బస్తాల పక్కనే గుమ్మడికాయలు, సొరకాయలు, కోడిగుడ్లు కూడా బలిపీఠం ముందుకు వస్తాయి. సెంటు భూమి లేని ఇంటివారు కప్పు మీదికి పాకించిన పాదు తొలికాయకూ అక్కడ చోటుంటుంది, ఆరాధన ముగిశాక దానినీ వేలం వేసి, వచ్చిన సొమ్మును సంఘ అవసరాలకు జమచేస్తారు.