పళ్ళూడిన చక్రము

యంత్రమునందు పెద్ద భాగములకే పేరు దక్కును. సిలిండరు, పిస్టను, కార్బురేటరు అను మాటలు మోటారు సైకిలు ఎక్కనివారికిని పరిచితములే. అరచేత ఇముడు ప్లాస్టిక్ పళ్ళచక్రమును గూర్చి పలుకువారు అరుదు. కాని నలువదియేండ్లనాటి జపాను మోటారు సైకిలు ఇంకను నడచునా, కొట్టముమూల చేరునా అను ప్రశ్నకు పెక్కుమారులు సమాధానమిచ్చునది ఈ అల్పవస్తువే.

పూర్వపు మోటారు సైకిళ్ళు చాలవరకు గాలికే చల్లబడెడివి. సిలిండరు చుట్టును రెక్కలవలె పోతపోసిన పలకలకు ఎదురుగాలి తగిలి వేడిని హరించెడిది. ఇంజను శక్తి పెరిగినకొలది ఈ ఏర్పాటు చాలకపోయెను. 1971లో సుజుకీవారు జీటీ 750 అను మూడు సిలిండర్ల వాహనమును నీటితో చల్లబడునట్లు నిర్మించి విడుదల చేసిరి. అమెరికావారు దానికి 'వాటర్ బఫెలో' అని ముద్దుపేరు పెట్టిరి. అనగా మన గేదెయే. ఆంగ్లేయులు నీళ్ళు కాచుకొను 'కెటిల్' అనిరి. 1975లో హోండా గోల్డ్ వింగ్, 1980లో యమహా ఆర్.డి. 350 ఎల్.సి. ఆ త్రోవనే నడచినవి.

ఈ యమహానే ఉదాహరణముగా గైకొందము. దాని రెండు సిలిండర్ల పరిమాణము 347 ఘన సెంటీమీటర్లు. ఇంజను తిరుగుచుండగా ఒక చిన్న పళ్ళచక్రము నీటిపంపును త్రిప్పును. పంపు నీటిని సిలిండర్ల చుట్టును నడిపి రేడియేటరునకు చేర్చును. ఆ చక్రమును ప్లాస్టిక్‌తో చేసిరి. అది తేలిక, చవుక. లోహమువలె రొద చేయదు. కొత్తదిగా ఉన్నంతకాలము దానియందు తప్పెన్నుటకు లేదు. అయితే వేడిమియు నూనెయు ఏండ్లతరబడి తగులగా ప్లాస్టిక్ పెళుసెక్కును, పళ్ళు విరుగును.

విరిగినప్పుడు చప్పుడు వినబడకపోవచ్చును. పంపు ఆగును గాని ఇంజను ఆగదు. ఉష్ణమాపకపు ముల్లు పైకి లేచుటయే ఉన్న ఒక్క సూచన. దానిని గమనింపనిచో సిలిండరు చుట్టును నిలిచిన నీరు సలసల క్రాగును. పిస్టను వ్యాకోచించి సిలిండరును పట్టివేయును. వేగముగా పోవునపుడు ఇట్లు జరిగినచో వెనుకచక్రము బిగిసిపోయి, నడుపువాడు రోడ్డున పడును. కొద్దిపాటి ధర గల వస్తువు ప్రాణమునకే ముప్పు తెచ్చుట ఇట్లే.

ఇన్నియేండ్ల పాత వాహనమునకు కావలసిన ప్రతి భాగమును తయారీదారులనుండి దొరకునను నమ్మకము లేదు. కావున చిన్న కార్ఖానాలవారు పాత చక్రమును చూచి కొత్తదానిని చేయుచున్నారు. ఈ పని తాళపత్రప్రతిని పరిష్కరించుటవంటిదని నాకు తోచును. సి.పి. బ్రౌను ఒక్కొక్క కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులు సేకరించి, పండితులచే పోల్చి చూపించెను. ఒక్క ప్రతినే నమ్మినచో లేఖకుని ప్రమాదము కవి తలకు చుట్టుకొనును గదా!

పళ్ళచక్రమునకును ఇదే న్యాయము. పళ్ళ పరిమాణమునకు మాడ్యూల్ అను కొలత ఉన్నది. ముప్పది పళ్ళు గల సాధారణ చక్రమునకు మాడ్యూల్ 1 అయినచో, పళ్ళు కలియు వలయపు వ్యాసము 30 మిల్లీమీటర్లు, అంచువరకు వ్యాసము 32 మిల్లీమీటర్లు ఉండవలెను. అరిగిన చక్రమును కొలిచిన అంచు వ్యాసము అంతకు తగ్గవచ్చును. ఆ తగ్గిన కొలతనే పట్టుకొని కొత్తది చేసినచో, చక్రముతోపాటు అరుగుదలకును నకలు తీసినట్లే. పళ్ళను లెక్కించి, జతచక్రమును పరీక్షించి, ఇరుసుల నడిమి దూరమును కొలిచి, మొదటి కొలతను రాబట్టవలెను.

దీనికి విరుద్ధమైన తప్పు మరియొకటి కలదు. 'ప్లాస్టిక్ విరిగినది గనుక ఉక్కుతో చేయుదము' అని కొందరనవచ్చును. వినుటకు ఇది సబబుగనే ఉండును. కాని చిరకాలము కదలక పడియున్న వాహనములో పంపు ఇరుసు త్రుప్పుపట్టి, నీరు కారకుండ ఆపు సీలు అంటుకొని యుండవచ్చును. అట్టి పంపును త్రిప్పబోయి ప్లాస్టిక్ చక్రము విరిగినచో నష్టము దానితో సరి. ఉక్కుచక్రము తాను విరుగక, ఆ బలమును జతచక్రముపైకిని ఇంజనులోని ఖరీదైన భాగములపైకిని త్రోయును. బలహీనమైన భాగము తాను విరిగి తక్కినవానిని కాచుచుండెనన్నమాట. కవి పద్యమును తనకంటె బాగుగా చేయబోయిన పరిష్కర్త కవినే పోగొట్టును, ఇదియు అట్టిదే.

నైలానుకంటె తేమను తక్కువగా పీల్చు ఎసిటాల్ ప్లాస్టిక్ నేడు దొరకుచున్నది. దానితో మొదటి కొలతల ప్రకారము చేసిన చక్రము మధ్యేమార్గము. అయితే చక్రము నొక్కదానిని మార్చి ఊరకుండరాదు. పంపు ఇరుసు చేతితో సులువుగా తిరుగుచున్నదా యని చూడవలెను, సీలు మార్చవలెను, నూనె దింపి విరిగిన పళ్ళ తునకలను ఏరివేయవలెను, నూనె పాలవలె తెల్లబారినచో నీరు కలసినదని తెలిసికొనవలెను.

1983నుండి మన దేశమున ఎస్కార్ట్స్‌వారు తయారుచేసిన రాజ్‌దూత్ 350 యమహా వంశపుదే యైనను, గాలికి చల్లబడునది. దానికి నీటిపంపు బెడద లేదు. అయినను తక్కిన విడిభాగములకై వెదకువారికి ఈ న్యాయము వర్తించును: దొరకినదాని నెల్ల బిగించుట బాగుచేయుట కాదు. ఆ భాగమును మొదట అట్లు ఏల చేసిరో తెలిసికొని, పిమ్మట పానా చేతబట్టవలెను.