వైద్యానికి వెల ఎంత?

ఉదయగిరిలో ఒక చెక్క గరిటె కొనవలెనన్నా మనం రెండు మూడు అంగళ్ళు తిరుగుతాము. కొయ్యను చేతితో తడిమి, పనితనం చూసి, వెల అడిగి, బేరమాడి మరీ కొంటాము. అదే మనిషి వైద్యశాల గడప తొక్కగానే మౌనం వహిస్తాడు. చీటీలో వ్రాసిన పరీక్షలన్నీ చేయించుకొని, చివరకు చేతికి వచ్చిన బిల్లు చూసి తెల్లబోతాడు. గరిటె వెల అడగడానికి లేని మొగమాటం వైద్యం వెల అడగడానికి ఎందుకు? విద్యార్థులూ, కళాశాల కమిటీ పెద్దలూ ఆలోచింపదగిన ప్రశ్న ఇది.

ముందుగా నా పొరపాటునే చెప్పుకొంటాను. నాకింకా స్థిరమైన ఉద్యోగం లేని రోజులలో, మూత్రపిండంలో రాయి ఉన్నదేమోనన్న అనుమానంతో మా తల్లిగారిని నెల్లూరు తీసుకొనిపోయాను. చూపిన చోటనే స్కానింగు, రక్తపరీక్షలు చేయించాను. వెల ముందుగా అడగలేదు. నెల తరువాత అవే పరీక్షలు మరల అవసరమై వేరొక కేంద్రంలో చేయించగా, మొదట చెల్లించినదానిలో సగమే అయినది. రెండు కేంద్రాలకు నడుమ దూరం నాలుగు అడుగులే. మొదటి బిల్లు కోసం అమ్మగారు తన కమ్మలు కుదువ పెట్టారని తరువాత తెలిసినది. నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆ కమ్మలు ఆమె చెవులకే ఉండేవి.

అయితే వైద్యం గరిటె వంటి సరకు కాదన్నది నిజమే. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో 1963లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ భేదాన్ని వివరించాడు. వ్యాధి ఎప్పుడు వచ్చునో, చికిత్స ఎంత ఫలించునో ముందుగా తెలియదు. రోగికి తెలిసినది స్వల్పం, వైద్యునికి తెలిసినది అధికం. దీనికి తోడు, ఏ మందు, ఏ పరీక్ష అన్నది నిర్ణయించేవాడు ఒకడు, సొమ్ము చెల్లించేవాడు మరొకడు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో 64.2 శాతం ప్రజలు తమ చేతి నుండి చెల్లించినదే. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గినది. తగ్గినా అది చిన్న భారం కాదు.

వెల మరుగున ఉంటే ఏమగునో తెలుసుకొనడానికి గుండె రక్తనాళాలలో అమర్చే స్టెంటు ఉదాహరణ చాలు. లక్ష రూపాయలు దాటిన ధరకు అమ్ముడుపోతూ వచ్చిన మందుపూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించినది. పూత లేనిదానికి 7,260 రూపాయలు. అన్నాళ్ళూ ఆ వ్యత్యాసాన్ని భరించినది రోగి కుటుంబమే.

చట్టం మనకు కొన్ని ఆయుధాలను ఇచ్చినది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొట్లం మీద అచ్చయిన గరిష్ఠ ధరను మించి ఎవరూ అమ్మరాదు. మందుల అంగడిలో ధరల జాబితా అందరికీ కనబడేటట్లు ఉంచవలెను. విడి మాత్రలకు దామాషా ప్రకారమే తీసుకొనవలెను. పది మాత్రల పట్టీ ముప్పది రూపాయలైతే నాలుగు మాత్రలకు పన్నెండుకు మించరాదు. ఒకే మందు వేర్వేరు కంపెనీల పేర్లతో వేర్వేరు ధరలకు దొరుకుతుంది. కనుక చీటీలోని మందు అసలు పేరును వైద్యుని అడిగి తెలుసుకొని, ఆయన అనుమతితో చవకైనది తీసుకొనవచ్చు. 2008లో ఆరంభమైన జన ఔషధి అంగళ్ళ ఉద్దేశం ఇదే.

వైద్యుల ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నియమావళి, వైద్యుడు తన రుసుమును గదిలోని బోర్డు మీద స్పష్టంగా ప్రదర్శించవలెనని చెబుతున్నది. రోగిని మరొకచోటికి పంపినందుకు కమీషను పుచ్చుకొనడాన్ని నిషేధించినది. చికిత్స వివరాల నకలు కోరితే 72 గంటలలో ఇవ్వవలెనన్నది. సొమ్ము చెల్లించి వైద్యం పొందినవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినది. కనుక వెల అడగడం వైద్యుని అవమానించడం కాదు.

ఐతే వెలలను పోల్చడానికి హద్దులున్నవి. పాము కరిచినప్పుడు, గుండెనొప్పి వచ్చినప్పుడు, కాన్పు కష్టమైనప్పుడు ధరలు విచారిస్తూ కూర్చొనరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. అమెరికాలో 2021 జనవరి నుండి ప్రతి ఆస్పత్రీ ధరలను ప్రకటించవలెనన్న నిబంధన అమలులోకి వచ్చినప్పుడు కూడా, రోగి తీరికగా ఎంచుకొనదగిన 300 సేవలను ప్రత్యేకించి సులభంగా చూపమన్నారు. మనమూ రక్తపరీక్ష, స్కానింగు, కంటిశుక్లం శస్త్రచికిత్స వంటి ఆగగలిగిన వాటినే పోల్చాలి. అప్పుడైనా దారిఖర్చునూ, పోయిన రోజుకూలినీ కలుపుకొనాలి. ఉదయగిరి నుండి నెల్లూరు దాదాపు నూరు కిలోమీటర్లు. ఆత్మకూరు నుండి అందులో సగం దూరమే. ఆత్మకూరు వానికి లాభమైన బేరం ఉదయగిరి వానికి నష్టం కావచ్చు.

అసలు సొమ్మే లేని కుటుంబానికి ధరల పట్టిక ఏమి చేయగలదు? అట్టివారికి మొదటి దారి ప్రభుత్వ ఆస్పత్రి. పెద్ద జబ్బులకు 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకమున్నది. దానిలో చేరిన ఆస్పత్రికి పోయినప్పుడు ముందుగా అక్కడి పథకం సహాయకుని కలిసి, తమ చికిత్స పథకంలో ఉన్నదో లేదో విచారించుకొనవలెను. ధరల పట్టిక ప్రభుత్వ వైద్యానికి తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

శస్త్రచికిత్సకు ముందు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. చెప్పిన మొత్తంలో మందులు, మత్తు వైద్యుని రుసుము, గది అద్దె కలిసి ఉన్నవా? శరీరంలో అమర్చే పరికరాల వెల వేరా? ఒక రోజు అదనంగా ఉండవలసి వస్తే ఎంత? పద్దుల వారీగా బిల్లు ఇస్తారా? రెండు ఆస్పత్రులలో ఇవే ప్రశ్నలు వేస్తేనే పోలిక సరైనది. ఒకచోట అన్నీ కలిపి చెప్పిన వెలనూ, మరొకచోట విడిగా చెప్పిన వెలనూ పోల్చితే మోసపోతాము. చవకైనదే మంచిదని గాని, ఖరీదైనదే మేలని గాని అనుకొనరాదు. నైపుణ్యం వేరు, వెల వేరు.

కళాశాల కమిటీవారికి నాదొక మనవి. ఉర్దూలో ధరల పట్టికను నిర్ఖ్‌నామా అంటారు. ధర అనే అర్థంలో తెలుగులో వాడిన నిరుకు అనే పాతమాట అక్కడి నుండి వచ్చినదే. మన విద్యార్థులు ఆరు నెలలకొకసారి ఆత్మకూరు, ఉదయగిరి, నెల్లూరులలో పది సాధారణ పరీక్షల ధరలు విచారించి, తేదీ వేసి, తెలుగు ఉర్దూ భాషలలో ఒక నిర్ఖ్‌నామా తయారుచేసి గోడమీద అంటిస్తే, చదువురాని తల్లిదండ్రులకు సైతం బిడ్డల ద్వారా ఆ సమాచారం చేరుతుంది. ఇందుకు కాగితం ఖర్చు తప్ప మరొకటి లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. విద్యార్థులారా, ఈసారి ఇంటి పెద్దలతో వైద్యశాలకు పోయినప్పుడు ఆ అడిగే నోరు మీరు కండి.