నిద్రపోని ఫ్యాను

స్టూడియో తలుపు మూసి, ఎర్రదీపము వెలిగిన పిదప, మాట్లాడువారి కంఠము తప్ప వేరొక ధ్వని మైక్రోఫోనులో పడకుండ చూచుట మా మొదటి పని. ఆ పనిలో మేము ఒకనాడు పొరపడితిమి. దూరపు పల్లె నుండి బస్సులో వచ్చిన ఒక వృద్ధ గాయకులు మా ఎదుట కూర్చుండి పాడిరి. రికార్డింగు వినిచూడగా, చరణము ముగిసిన చోటనెల్ల సన్నని గాలిహోరు వినవచ్చినది. ఆ హోరు గది మూలనున్న కంప్యూటరుది. దానిని మేము నిద్రపుచ్చియే ఉంటిమి; తెర చీకటిగానే ఉన్నది. లోపలి ఫ్యాను మాత్రము తిరుగుచునే ఉన్నది. వారిని మరల పాడించితిమి గాని, మొదటిసారి పలికిన కంఠము రెండవసారి పలుకలేదు.

ఈ ఫ్యాను బాధ అనేక గృహములలో ఉన్నదే. దానికి మందు తెలియవలెనన్నచో, కంప్యూటరు నిద్ర యనగా ఏమో ముందు తెలియవలెను.

మన నిద్రలో కునుకు వేరు, గాఢనిద్ర వేరు. కంప్యూటరుకును అట్లే. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు కలిసి 1996లో ప్రకటించిన ఏసీపీఐ అను నియమావళి ఈ అంతస్తులను నిర్ణయించినది. ఎస్‌1 అనునది కునుకు. ఇందు ప్రాసెసరు పని నిలుపును గాని, దానికి విద్యుత్తు అందుచునే ఉండును, ఫ్యానును తిరుగవచ్చును. ఎస్‌3 గాఢనిద్ర. ఇందు చేయుచున్న పని యంతయు మెమరీలో నిలిచియుండును. ఆ మెమరీకిని, మేలుకొలుపు భాగములకును మాత్రమే కొద్దిపాటి విద్యుత్తు అందును. ఎస్‌4, అనగా హైబర్నేట్ నందు, పని యంతయు డిస్కుపై వ్రాయబడి యంత్రము ఆరిపోవును.

బల్లమీది కంప్యూటరులో ఫ్యాను సాధారణముగా 12 వోల్టుల తీగపై నడచును. ఎస్‌3లో ఆ తీగ ఆరిపోయి, 5 వోల్టుల చిన్న తీగ ఒక్కటే మేలుకొనియుండును. కావున ఫ్యాను తిరుగుచున్నదన్నచో, ఆ యంత్రము గాఢనిద్రకు చేరలేదనియే అర్థము. ఫ్యాను ఇచ్చట రోగము కాదు; రోగమును చెప్పు సాక్షి.

ఇక పరీక్షించు విధము. విండోస్ గల యంత్రములో కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరువవలెను. ‘పవర్’ అను ఇంగ్లీషు మాటకు సి, ఎఫ్, జి అను అక్షరములు చేర్చి, కొంత ఖాళీ విడిచి, ఏటవాలు గీతయు ‘ఎ’ అక్షరమును వ్రాసినచో, ఆ యంత్రమునకు ఏయే నిద్రలు తెలియునో జాబితా వచ్చును. అందు ఎస్‌1 మాత్రమే కనిపించి, ఎస్‌3 లేదని వచ్చినచో, యంత్రము వెలుగగనే బయాస్ లోనికి పోయి చూడవలెను. పాత బోర్డులు కొన్నింటిలో ఎస్‌1, ఎస్‌3లలో ఒకదానిని ఎంచుకొను వీలు ఉండును.

ఎస్‌3 ఉండియు ఫ్యాను ఆగనిచో, తెర మాత్రమే ఆరి యంత్రము మేలుకొనియే ఉండవచ్చును. ‘ఎ’కు బదులు ‘రిక్వెస్ట్స్’ అని వ్రాసినచో దానిని నిద్రపోనీయని ప్రోగ్రాము పేరు తెలియును. నిద్రించిన కొంతసేపటికే మేలుకొనుచున్నచో ‘లాస్ట్‌వేక్’ అని అడుగవలెను. బల్ల కదలినపుడు కదలిన మౌసు, నెట్‌వర్కు కార్డు తరచుగా ఇందుకు కారణములు. డివైస్ మేనేజరులో వాటికి మేలుకొలుపు అధికారమును తీసివేయవచ్చును.

కొత్త ల్యాప్‌టాపుల సంగతి వేరు. వీటిలో చాలవాటికి ఎస్‌3కు బదులు ‘మోడరన్ స్టాండ్‌బై’ ఉన్నది. ఇందు యంత్రము ఫోనువలె తెర ఆర్పుకొని, అప్పుడప్పుడు లోపల పని చేసికొనుచుండును. వేడెక్కినచో ఫ్యాను తిరుగును. ‘స్లీప్‌స్టడీ’ అను మాటతో అడిగినచో, నిద్రవేళ ఏ భాగము పనిచేసినదో నివేదిక వచ్చును. పని మితిమీరినచో ఆ ప్రోగ్రామును ఆపవలెను. కంపెనీవారు ఇచ్చు కొత్త బయాసును వేసికొనవలెను.

ఒక హెచ్చరిక. ఫ్యాను తిరుగుచున్న ల్యాప్‌టాపును సంచిలో పెట్టరాదు. సంచిలో గాలి ఆడదు. వేడి లోపలనే నిలుచును, బ్యాటరీయు ఖర్చగును. ప్రయాణమునకు ముందు హైబర్నేట్ చేయుటయో, పూర్తిగా ఆర్పుటయో మేలు. కరెంటు పోవు ఇండ్లలో బల్లమీది కంప్యూటరుకును ఇదియే వర్తించును: విద్యుత్తు పోయినచో ఎస్‌3 నిద్రలో మెమరీయందున్న పని పోవును, డిస్కుపై వ్రాసినది నిలుచును. చప్పుడు భరింపలేక ఫ్యాను తీగను పీకివేయుట ఎన్నడును తగదు.

మా కంప్యూటరు బయాసులో ఎస్‌1 అని ఉన్నది. దానిని ఎస్‌3కు మార్చితిమి, ఫ్యాను ఆగినది. మార్చుటకు పట్టినది ఐదు నిమిషములు. ఆ పెద్దల మొదటి పాట మాత్రము హోరుతోనే మా వద్ద ఉన్నది. నేడు ఎర్రదీపము వెలిగించుటకు ముందు మేము తెరవంక చూచి ఊరకుండము; యంత్రము దగ్గరకు పోయి చెవియొగ్గి వినుచున్నాము.