నొప్పి లేకుండా చూపు తీసే వైరస్

సైటోమెగాలో వైరస్, క్లుప్తంగా సీఎంవీ, హెర్పిస్ కుటుంబానికి చెందినది. మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇది ఎప్పుడో సోకే ఉంటుంది, చాలామందికి చిన్నతనంలోనే. లాలాజలం, మూత్రం, తల్లిపాలు, రక్తం, లైంగిక సంబంధం దీని దారులు. ఒకసారి ఒంట్లో చేరిందంటే ఇక పోదు. రోగనిరోధక శక్తి కాపలా కాసినంత కాలం కణాల్లో నిద్రపోతుంది.

హెచ్‌ఐవీ కూల్చేది ఆ కాపలానే. ఆరోగ్యవంతులకు ఘన మిల్లీమీటరు రక్తంలో సీడీ4 అనే రోగనిరోధక కణాలు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. అవి 50 కంటే తగ్గితే సీఎంవీ లేచే ప్రమాదం బాగా పెరుగుతుంది. అన్నవాహిక, పేగులు, మెదడు, నరాలు దెబ్బతినవచ్చు. అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతినేది కంటి వెనుక పొర, రెటీనా.

కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి పుట్టదు. గాలిలో నలుసులు తేలుతున్నట్టు, మెరుపులు మెరిసినట్టు, ఒక పక్కన తెర దించినట్టు ఉంటుంది. పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం పలకల గనుల్లో పనిచేసే మనిషి కంట్లో రాతిపొడి పడిందనుకోవచ్చు; వయసు మళ్లినవారు శుక్లమని సరిపెట్టుకోవచ్చు. పైగా ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది. అరచేత్తో ఒక్కో కన్ను మూసుకుని ఎదురుగా ఉన్న గోడ గడియారాన్ని చూస్తే తేడా బయటపడవచ్చు. అయితే ఆరంభ దశలో ఏ లక్షణమూ లేకపోవచ్చు. అందుకే సీడీ4 బాగా పడిపోయినవారికి, చూపు బాగానే ఉందన్నా సరే, చుక్కల మందు వేసి రెండు కళ్ల రెటీనానూ చూడాలి. రోగం ఉంటే అక్కడ తెల్లని మచ్చలు, వాటి మధ్య రక్తపు మరకలు కనిపిస్తాయి.

హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులు రాక ముందు ఎయిడ్స్ రోగుల్లో సుమారు మూడో వంతు మందికి ఈ కంటి జబ్బు వచ్చేది. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఎక్కువగా దీని బారిన పడేది ఆలస్యంగా పరీక్ష చేయించుకున్నవారు, మధ్యలో మందులు మానేసినవారు. పశ్చిమ ప్రకాశం కరవు నేల. గిద్దలూరు, మార్కాపురం పల్లెల నుంచి పనుల కోసం హైదరాబాద్, బెంగళూరు వలస వెళ్లేవారికి మందు తెగిపోయే ప్రమాదం ఎక్కువ. వెళ్లేముందు ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పి, చేరబోయే ఊరి సెంటర్‌కు బదిలీ రాయించుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది. ఈ ఒక్క పని ఎన్నో కళ్లను కాపాడగలదు.

చికిత్సకు వాల్‌గాన్సిక్లోవిర్ మాత్రలు వాడతారు: రెండు నుంచి మూడు వారాలు 900 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఆ తర్వాత రోజుకు ఒకసారి. చూపుకు కేంద్రమైన చోటికి మచ్చ దగ్గరపడితే గాన్సిక్లోవిర్‌ను నేరుగా కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. మాత్రల మందు ఒంట్లోంచి బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. ఫ్లోరైడ్ నీళ్లతో, కిడ్నీ జబ్బులతో బాధపడుతున్న ఈ ప్రాంతంలో ముందుగా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి, అవసరమైతే మోతాదు తగ్గించడం మరీ ముఖ్యం. తెల్ల రక్తకణాలు పడిపోతున్నాయేమో తెలుసుకోవడానికి తరచూ రక్తపరీక్ష కూడా చేయాలి.

ఏఆర్‌టీ అప్పటికే మొదలుకాకుంటే, సీఎంవీ చికిత్స మొదలయ్యాక దాన్ని సాధారణంగా రెండు వారాలకు మించి వాయిదా వేయరు. రోగనిరోధక శక్తి తిరిగి లేచేటప్పుడు కంట్లో వాపు రావచ్చు. దానికి భయపడి మందులు మానకూడదు, కంటి డాక్టరుకు చూపించాలి. చచ్చిపోయిన రెటీనా తిరిగి రాదు, మిగిలిన చూపునే కాపాడగలరు. పొర పలచబడి ఊడిపోతే ఆపరేషన్ అవసరమవుతుంది. సీడీ4 100 దాటి మూడు నుంచి ఆరు నెలలు నిలబడ్డాక, కంటి డాక్టరు సరేనంటేనే సీఎంవీ మాత్రలు ఆపుతారు. ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి కళ్లు చూపించుకోవాలి.