గ్రాఫీన్‌లో కాంతి పుట్టించే విద్యుత్తు

ఖరగ్‌పూర్‌: ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందిన ఖరగ్‌పూర్‌ రైల్వే ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. గ్రాఫీన్‌ అనే కర్బన పదార్థంలో ఎలక్ట్రాన్లు పరుగెత్తే వేగంతో దానిని దాటడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. తరాలుగా రైల్వే కొలువుల్లో ఉన్న తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ పట్టణంలోని ఐఐటీ శాస్త్రజ్ఞులు, ఇటువంటి అతిపలుచని పదార్థాలపై కాంతి ప్రభావాన్ని పరిశోధిస్తున్నవారిలో ఉన్నారు.

ఒకే ఒక పరమాణువు మందం గల ఈ పొరను 2004లో మాంచెస్టర్‌ విశ్వవిద్యాలయంలో వేరుచేసిన ఆండ్రీ గీమ్‌, కాన్‌స్టాంటిన్‌ నొవొసెలోవ్‌లకు 2010లో భౌతికశాస్త్ర నోబెల్‌ బహుమతి లభించింది. తనపై పడిన కాంతిలో ఇది గ్రహించేది నూటికి 2.3 వంతులు మాత్రమే. సిలికాన్‌ పసిగట్టలేని పరారుణ కాంతిని సైతం గ్రహించగలగడం దీని ప్రత్యేకత. రాత్రివేళ చూపునిచ్చే పరికరాలకు, ఆప్టికల్‌ ఫైబర్‌ సమాచార వ్యవస్థకు ఈ గుణమే కీలకం.

అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. కాంతి వల్ల ఉత్తేజితమైన ఎలక్ట్రాన్లు సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో కొన్ని రెట్లు గడిచేసరికే ఆ శక్తిని కోల్పోతాయి. ఫలితంగా వెలువడే విద్యుత్తు స్వల్పం.

దీనికి పరిష్కారం పొరుగు పొరలో లభించింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆరిందమ్‌ ఘోష్‌ బృందం 2013లో గ్రాఫీన్‌ను మాలిబ్డినం డైసల్ఫైడ్‌ అనే అర్ధవాహకంతో జతచేసింది. కాంతి సోకగానే అర్ధవాహకంలోని ఎలక్ట్రాన్లు గ్రాఫీన్‌లోకి చేరి దాని విద్యుత్‌ నిరోధాన్ని మార్చాయి. కాంతి ఆగినా ఆ మార్పు నిలిచి ఉండటంతో, అది జ్ఞాపకశక్తి గల పరికరంగానూ పనిచేసింది. ఖరగ్‌పూర్‌ ఐఐటీలో ఆచార్య సమిత్‌ కుమార్‌ రే బృందం 2016లో ఇదే అర్ధవాహకపు సూక్ష్మ కణాలను సిలికాన్‌పై చేర్చి కాంతిని గుర్తించే పరికరాలను రూపొందించింది. సిలికాన్‌ పరిశ్రమకు అనువుగా ఉండటం ఈ పద్ధతిలోని మేలు.

అర్ధవాహక పరిశ్రమకు 2021 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన రూ.76,000 కోట్ల పథకంలో సెన్సర్ల కర్మాగారాలకూ చోటుంది. కానీ లోపం లేని గ్రాఫీన్‌ పొరలను పెద్ద విస్తీర్ణంలో, తక్కువ ఖర్చుతో తయారుచేయడం సులభం కాదు. ఆ అవరోధాన్ని అధిగమించినప్పుడే ప్రయోగశాలలోని ఫలితం కర్మాగారానికి చేరుతుంది.